తీర రాడార్ కొనే ముందు: ఫ్రీక్వెన్సీ మొదట, ఒడ్డు తర్వాత, బ్రాండు ఆఖర్న

సముద్రంలో నీరు ఎటు పోతోంది, ఎంత జోరుగా పోతోంది, అల ఎంత ఎత్తున లేస్తోంది అన్నవి ఒడ్డు నుంచే గంటగంటకూ పటం గీసి చూపించే సాధనం హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) రాడార్. నీళ్లలో ఏదీ దించనక్కర్లేదు. పడవ ఢీకొట్టే బోయా ఉండదు, వలకు చిక్కి తెగే లంగరు తాడూ ఉండదు. ఇంత సుఖమైన సాధనం కొందామనుకోగానే చర్చ నేరుగా ఏ బ్రాండు, "సీసోండా, వేరానా?" అన్న చోటికి వెళ్లిపోతుంది. అది మూడో ప్రశ్న. ఎంత దూరం చూడాలి, ప్రవాహం ముఖ్యమా అల ముఖ్యమా అన్నది మొదటిది. ఆ పనికి తగిన నేల మీ దగ్గర ఉందా అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు దొరికాక బ్రాండు దాదాపు దానంతటదే తేలిపోతుంది. వరస తిరగబడితే మాత్రం రోజువారీ అలలు చూడలేని రాడారో, తుపాను నాడు చేతులెత్తేసే రాడారో వచ్చి కూర్చుంటుంది.

ఎందుకలా అన్నది తెలియాలంటే ఇది పనిచేసే తీరు కొంచెం చూడాలి. 1955లో న్యూజిలాండ్‌లో క్రాంబీ అనే శాస్త్రవేత్త ఒక సంగతి గమనించాడు. సముద్రం మీదికి రేడియో తరంగాన్ని పంపితే, దాని పొడవులో సరిగ్గా సగం పొడవున్న అలలే గట్టిగా బదులిస్తాయి. 4.4 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 68 మీటర్లు, కాబట్టి దానికి పలికేది 34 మీటర్ల అల. లోతైన నీటిలో అంత పొడవున్న అల సెకనుకు 7.3 మీటర్ల వేగంతోనే నడవాలి, అది గురుత్వాకర్షణ పెట్టిన లెక్క. అంటే తిరిగి వచ్చే ప్రతిధ్వని పంపిన ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ 0.214 హెర్ట్జ్ దూరంలో రెండు శిఖరాలుగా కనపడాలి. ఒకటి మనవైపు వచ్చే అలలది, ఒకటి మన నుంచి పోయే అలలది. ఆ శిఖరాలు ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జరిగితే, ఆ జరుగుబాటే ప్రవాహం. సెకనుకు 10 సెంటీమీటర్ల ప్రవాహం వాటిని జరిపేది 0.003 హెర్ట్జ్ మాత్రమే. ఇంత చిన్న తేడా పట్టాలంటే చాలాసేపు వినాలి. సెకనుకొక స్వీప్ (ఫ్రీక్వెన్సీని ఒకసారి జరుపుతూ పంపడం) చొప్పున 1024 స్వీపులు, అంటే 17 నిమిషాలు విన్నా వేగంలో ఒక్కో మెట్టు సెకనుకు 3.3 సెంటీమీటర్లు వస్తుంది. ఈ రాడార్ నుంచి నిమిషానికో ఫలితం అడగడం అందుకే అర్థం లేని కోరిక.

కింది పట్టికలో గడి అంటే రాడార్ విడిగా చూడగల అతి చిన్న ముక్క. అల ఎత్తు పరిమితి అన్నది, అంటే ఏ ఎత్తు దాటితే రాడార్ అలను కొలవలేదో అది, సిద్ధాంతం ప్రకారం వచ్చే అంకె. ఆచరణలో దానికి కొంచెం ముందే లెక్క చెడుతుంది. దూరాలు పగటిపూట, ఉప్పునీటి మీద, గాలి బాగా ఉన్నప్పటివి.

| ఫ్రీక్వెన్సీ (మెగాహెర్ట్జ్) | ప్రవాహాలు కనిపించే దూరం | దూరంలో గడి పరిమాణం | బదులిచ్చే అల పొడవు | కొలిచే పైపొర లోతు | అల ఎత్తు పరిమితి |
|---|---|---|---|---|---|
| 4.4 | 150–200 కి.మీ. | 6 కి.మీ. | 34 మీ. | 2.7 మీ. | 20 మీ. పైన |
| 13.5 | 60–80 కి.మీ. | 1.5–3 కి.మీ. | 11 మీ. | 0.9 మీ. | 7 మీ. |
| 24.5 | 30–45 కి.మీ. | 1 కి.మీ. | 6 మీ. | 0.5 మీ. | 3.9 మీ. |
| 40 | 15–20 కి.మీ. | 300–500 మీ. | 3.7 మీ. | 0.3 మీ. | 2.4 మీ. |

గడి పరిమాణాన్ని నిర్ణయించేది యంత్రం గొప్పతనం కాదు, వాడుకోవడానికి దొరికే బ్యాండ్‌విడ్త్, అంటే ఫ్రీక్వెన్సీ పట్టీ వెడల్పు. 25 కిలోహెర్ట్జ్ దొరికితే 6 కిలోమీటర్లు, 100 దొరికితే 1.5 కిలోమీటర్లు, 150 దొరికితే ఒక కిలోమీటరు. 2012 ప్రపంచ రేడియో సమావేశం సముద్ర రాడార్లకు ఇచ్చిన పట్టీల్లో 4438–4488 కిలోహెర్ట్జ్ ఒకటి. దాని మొత్తం వెడల్పే 50 కిలోహెర్ట్జ్. కాబట్టి 4.4 మెగాహెర్ట్జ్ రాడార్ ఒక కిలోమీటరు గడి ఇస్తుందని ఎవరైనా చెబితే, ఆ బ్యాండ్‌విడ్త్ ఎక్కణ్నుంచి తెస్తారో అక్కడే అడగండి. 13450–13550 పట్టీలో 100 కిలోహెర్ట్జ్ ఉంది, 1.5 కిలోమీటర్ల గడి అక్కడి నుంచే వస్తుంది.

అలలు కావాలంటే లెక్క మారుతుంది

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ప్రవాహాన్ని ఆ రెండు పెద్ద శిఖరాలు చెబుతాయి. అల ఎత్తు, పీరియడ్ (ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య సమయం) చెప్పేది వాటి పక్కన ఉండే చిన్న గుట్టలు. అవి శిఖరాలకంటే 20–30 డెసిబెల్స్ కిందే ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ ముందు మునిగేవి అవే. ప్రవాహాలు 70 కిలోమీటర్ల దాకా కనిపించే రాడార్‌లో అలలు 30–35 కిలోమీటర్ల దాకా నమ్మకంగా వస్తే అది మంచి రాడార్ కింద లెక్క. కంపెనీ పత్రంలో పరిధి అని ఒకే అంకె ఉంటే అది ప్రవాహాల పరిధే అనుకోండి.

పైగా ఆ చిన్న గుట్టలకు రెండు వైపులా హద్దులున్నాయి. అలలు మరీ చిన్నవైతే అవి నాయిస్‌లో కలిసిపోతాయి. మరీ పెద్దవైతే ఉబ్బిపోయి శిఖరాలతో కలిసిపోతాయి, ఏది ఏదో విడదీయలేం. 4.4 మెగాహెర్ట్జ్ తీసుకోండి. ఏడాదిలో చాలా రోజులు ఆంధ్ర తీరంలో అల మీటరు, మీటరున్నర మించదు. ఆ రోజుల్లో ఈ రాడార్ అలల విషయంలో దాదాపు మౌనంగా ఉంటుంది. తుపాను అలలు వచ్చినప్పుడు మాత్రం చక్కగా మాట్లాడుతుంది. 24.5 మెగాహెర్ట్జ్ దీనికి తలకిందులు. మామూలు రోజుల్లో ముచ్చటగా పనిచేసి, అల నాలుగు మీటర్లకు చేరగానే, అంటే అందరూ తెర వైపు చూసే సమయానికి, తప్పు అంకెలివ్వడం మొదలుపెడుతుంది. యంత్రం చెడిపోయి కాదు, భౌతిక శాస్త్రం అంతే. చెడు అంకె కూడా తెర మీద మంచి అంకెలాగే కనిపిస్తుంది కాబట్టి, పరిమితి దాటిన అల ఎత్తును సాఫ్ట్‌వేర్ దానంతటదే ఆపేసేలా ముందే అమర్చి పెట్టాలి.

బంగాళాఖాతం ఒడ్డున మామూలు రోజులకూ తుపాను రోజులకూ ఒకే రాడార్‌తో అలలు చూడాలనుకుంటే 13 నుంచి 16 మెగాహెర్ట్జ్ మధ్యే సరైన చోటు. ఆరేడు మీటర్ల దాకా ఓర్చుకుంటుంది, మీటరు దాటిన అలను పట్టుకుంటుంది. మా ఓటు దీనికే.

ఒక మాట స్పష్టంగా ఉండాలి. ఈ రాడార్ ఉప్పెన ఎత్తును, అంటే నీటిమట్టం పెరుగుదలను, నేరుగా కొలవదు. దానికి నీటిమట్టం కొలిచే టైడ్ గేజ్ కావాలి. ప్రతిపాదనల్లో "అలలు, ఉప్పెన" అని కలిపి రాసేయడం కనిపిస్తుంటుంది. అవి వేర్వేరు కొలతలు.

ఒక్క స్తంభమా, యాంటెన్నాల వరసా

ప్రతిధ్వని ఎంత దూరం నుంచి వచ్చిందో తేల్చడం సులువు. ఏ దిక్కు నుంచి వచ్చిందో తేల్చడమే కష్టం. దానికి రెండు పద్ధతులున్నాయి.

మొదటిది దిశాన్వేషణ. అమెరికాలోని కోడార్ సంస్థ సీసోండ్ దీనికి పేరు. ఒకే స్తంభం మీద అడ్డంగా దాటుకునే రెండు లూప్ యాంటెన్నాలు, ఒక నిలువు యాంటెన్నా ఉంటాయి. మూడింటికీ అందిన సంకేతాల నిష్పత్తిని బట్టి మ్యూజిక్ అనే గణిత పద్ధతి దిక్కును లెక్కగడుతుంది. స్థలం చాలా తక్కువ పడుతుంది. 13 మెగాహెర్ట్జ్, ఆ పైన అయితే పంపేదీ వినేదీ ఒకే స్తంభం మీద పెట్టొచ్చు. 4.4 అయితే రెండు స్తంభాలు, మధ్య ఒక తరంగం పొడవు, అంటే దాదాపు 70 మీటర్ల ఎడం ఉండాలి. లోపం ఏమిటంటే, ఒక్కో వేగానికి రెండు దిక్కులకు మించి తేల్చలేదు. పటంలో ఖాళీలు మిగులుతాయి, వాటిని సగటుతో పూడ్చాలి. అలల సమాచారం కూడా స్టేషన్‌కు దగ్గరి వలయాల మీద సగటుగా వస్తుంది, పటంలా గడిగడికీ రాదు.

రెండోది బీమ్‌ఫార్మింగ్. 1990ల మధ్యలో హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుని, జర్మనీలోనే హెల్జెల్ సంస్థ తయారుచేస్తున్న వేరా ఈ కోవది. పన్నెండో పదహారో యాంటెన్నాలను ఒడ్డు వెంబడి సరళరేఖలో, సగం తరంగం పొడవుకు కాస్త తక్కువ ఎడంతో పాతుతారు. సంకేతాలను కలిపి ఒక్కో దిక్కుకు ఒక్కో బీమ్ తిప్పుతారు. ఇలా ప్రతి గడికీ పూర్తి డాప్లర్ స్పెక్ట్రం, అంటే ఆ శిఖరాలూ గుట్టలూ ఉన్న గీత, వస్తుంది, అలల పటం గీయడానికి అదే కావాలి. దీనికి వెల నేల. 16 యాంటెన్నాల వరసకు 24.5 మెగాహెర్ట్జ్‌లో సుమారు 90 మీటర్లు, 13.5లో 165, 4.4లో అర కిలోమీటరు తిన్నని ఒడ్డు కావాలి. పంపే యాంటెన్నాలకు ఆ వరసకు దూరంగా వేరే చోటు చూడాలి. వరసకు ఎదురుగా అటూ ఇటూ 60 డిగ్రీలు దాటితే బీమ్ చెడుతుంది. కేబుళ్లన్నీ ఫేజ్‌లో ఒకే పొడవుండాలి. 13.5 మెగాహెర్ట్జ్‌లో ఒక కేబుల్ మీటరు ఎక్కువైతే 20–25 డిగ్రీల ఫేజ్ తేడా వస్తుంది. తెగిన కేబుల్‌ను అక్కడికక్కడ అతికేసి పని అయిందనుకుంటే ఆ రోజు నుంచి బీమ్ వంకర.

బీమ్‌ఫార్మింగ్ అంటే సూదిమొన అనుకోకండి. 16 యాంటెన్నాల బీమ్ వెడల్పు ఏడు డిగ్రీల పైమాటే. 60 కిలోమీటర్ల దూరాన అది ఏడున్నర కిలోమీటర్లు. దూరంలో గడి 1.5 కిలోమీటర్లే అయినా అడ్డంగా చూపు మసకే. వేరా నాలుగు యాంటెన్నాలతోనూ వస్తుంది, కానీ అప్పుడది దిశాన్వేషణే చేస్తుంది. అలల పటం ఆశించి నాలుగు యాంటెన్నాలు కొంటే డబ్బు మిగిలినట్టు కనిపించి పని పోతుంది.

మొత్తం మీద ప్రవాహాలే కావాలి, నేల తక్కువ, చూసుకునే మనుషులు తక్కువ అంటే ఒక్క స్తంభం పద్ధతి. అలలే ముఖ్యం, నేల ఉంది, ఇంజినీరు దగ్గర్లో ఉంటాడు అంటే వరస.

రెండు స్టేషన్లు, వాటి మధ్య కోణం

ఒక స్టేషన్‌కు కనిపించేది తనవైపు వచ్చే వేగం, తన నుంచి పోయే వేగం మాత్రమే. అడ్డంగా పోయే నీరు దానికి కదలనట్టే ఉంటుంది. పూర్తి ప్రవాహం కావాలంటే రెండో చోటు నుంచి కూడా చూడాలి. రెండు చూపులూ కలిసే కోణం 30 నుంచి 150 డిగ్రీల మధ్య ఉండాలి. 90 దగ్గర ఉన్న లోపం, కోణం 30కి పడిపోతే ఒక దిశలో దాదాపు 2.7 రెట్లవుతుంది.

మన దగ్గరి ఉదాహరణ యానాం–మచిలీపట్నం జత. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆధ్వర్యంలో నడిచే భారత తీర రాడార్ల వ్యవస్థలో ఇది ఒకటి. గోపాల్‌పూర్–పూరి, కడలూరు–కల్పాక్కం, గుజరాత్, అండమాన్ జతలు మిగతావి. పటం మీద స్కేలు పెడితే యానాం, మచిలీపట్నం మధ్య తిన్నగా 130 కిలోమీటర్లు. ఆ గీత నర్సాపురం మీదుగా నేల మీదే పోతుంది. గోదావరి డెల్టా ముందుకు పొడుచుకొచ్చింది కదా. అంతర్వేది ఒడ్డు దగ్గర కోణం 150 డిగ్రీల దరిదాపుల్లోకి పోతుంది, కాబట్టి అక్కడి బాణం గుర్తులను ఆచితూచి నమ్మాలి. సముద్రంలోకి 150 కిలోమీటర్లు వెళ్లాక కూడా కోణం 47 డిగ్రీలుంటుంది, అది మంచిదే. దూరపు ప్రవాహాలకు, అంటే ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికీ తిరిగే తూర్పు తీర ప్రవాహానికి ఈ ఏర్పాటు బాగుంటుంది. మొగ దగ్గర నీరు ఎలా తిరుగుతోందో చూడటానికి కాదు. దానికి 24 మెగాహెర్ట్జ్ జత 15–20 కిలోమీటర్ల ఎడంలో కావాలి.

స్టేషన్ల ఎడం సాధారణంగా పరిధిలో మూడో వంతు నుంచి సగం దాకా పెడతారు. ఒక స్టేషన్ ఆగిపోతే పూర్తి ప్రవాహం పటం మొత్తం ఆగిపోతుందని గుర్తుంచుకోండి. మూడు స్టేషన్లు పెట్టగలిగితే ఒకటి పడుకున్నా పని సాగుతుంది.

ఒడ్డును ఎలా చూడాలి

హెచ్‌ఎఫ్ సంకేతం ఉప్పునీటిని అంటిపెట్టుకుని దూరం పోతుంది. పొడి ఇసుక దాన్ని తినేస్తుంది. యాంటెన్నా నీటి అంచుకు 150–200 మీటర్ల లోపే ఉండాలి. మరోవైపు పోటు గీతకు 500 మీటర్ల లోపు నేలంతా తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల కిందికి వస్తుంది, కాబట్టి ఆ అనుమతి లేకుండా స్తంభం పాతలేరు. దానికి తోడు ఒడ్డు కోత. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని ఎలా కొరుకుతోందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పదేళ్ల ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి అంచు ఎంత వెనక్కి వచ్చిందో కొలవకుండా స్థలం ఖాయం చేయకండి.

స్తంభానికి ఒక తరంగం పొడవు లోపల ఇనుప కంచె, కరెంటు తీగ, సెల్ టవర్, రేకుల షెడ్డు ఉండకూడదు. 13.5 మెగాహెర్ట్జ్‌కు అది 22 మీటర్లు, 4.4కు 68 మీటర్లు. స్థలం చూసినప్పుడు లేని కంచె, రాడార్ పెట్టాక భద్రత కోసమని వస్తుంది. అదీ గట్టి ఇనుప మెష్‌తో. యాంటెన్నా దిశా నమూనా, అంటే ఏ దిక్కు సంకేతాన్ని ఎంత గట్టిగా అందుకుంటుందన్నది, అక్కడే చెడుతుంది. కంచె తప్పదంటే యాంటెన్నా దగ్గర కర్రతోనో ఫైబర్ గొట్టాలతోనో కట్టండి. గుబురు సరుగుడు తోట ముందు అడ్డంగా ఉంటే పరిధి తగ్గుతుంది, తడిసిన రోజున ఇంకా తగ్గుతుంది.

గోదావరి, కృష్ణా మొగల దగ్గర మరో సంగతి ఉంది. వరద నీరు సముద్రం మీద పరుచుకున్న రోజుల్లో పైపొర ఉప్పదనం పడిపోయి విద్యుత్ వాహకత తగ్గుతుంది. సంకేతం అంతదూరం పోలేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో పరిధి తగ్గితే వెంటనే యంత్రాన్ని విప్పకండి, ముందు నది ప్రవాహం అంకె చూడండి.

రాత్రిపూట పరిధి తగ్గడం వేరే జబ్బు. 4–5 మెగాహెర్ట్జ్‌లో చీకటి పడగానే పై వాతావరణంలోని విద్యుదావేశ పొర అయనోస్ఫియర్ దూరదేశాల రేడియో రొదను మోసుకొచ్చి మీ రిసీవర్‌లో పోస్తుంది. తెల్లవారితే తగ్గుతుంది. 24 మెగాహెర్ట్జ్‌లో ఈ బాధ తక్కువ. గాలి లేని రోజుల్లో మరొకటి. 34 మీటర్ల అల పుట్టాలంటే కాస్త గట్టి గాలి కావాలి, ఆరు మీటర్ల అల చిన్న గాలికే లేస్తుంది. నిశ్చలంగా ఉన్న వేసవి ఉదయాల్లో తక్కువ ఫ్రీక్వెన్సీ రాడార్ పటం కుంచించుకుపోవడం సహజం.

ఎక్స్-బ్యాండ్ రాడారా, బోయానా

పని అంతా పోర్టు కాలువ ముందు మూడు నాలుగు కిలోమీటర్లలోనే ఉంటే హెచ్‌ఎఫ్ అక్కర్లేదు. ఓడల మీద తిరిగే 9.4 గిగాహెర్ట్జ్ (ఎక్స్-బ్యాండ్) రాడార్‌తోనే అలలు చూడొచ్చు. జర్మనీ నుంచి వచ్చిన వేమోస్ ఈ పద్ధతికి తెలిసిన పేరు. వరుసగా 32 లేదా 64 చిత్రాలు తీసి, అల చారలు ఎటు ఎంత వేగంగా కదిలాయో లెక్కగట్టి, దిశ, పీరియడ్, ఉపరితల ప్రవాహం చెబుతుంది. షార్ట్ పల్స్ పెట్టాలి. 50 నానోసెకన్ల పల్స్ ఏడున్నర మీటర్ల ముక్కగా చూస్తుంది, కాబట్టి 15 మీటర్లకంటే పొట్టి అలలు దానికి కనిపించవు.

పోర్టులో ఇప్పటికే ఉన్న ట్రాఫిక్ రాడార్‌కు తగిలించేద్దాం అన్న ఆలోచన తరచూ వస్తుంది. అక్కడ చూసుకోవాల్సింది ఒకటుంది. ఓడలు స్పష్టంగా కనపడటానికి ఆ రాడార్ సముద్రపు చిలకరింపును, సీ క్లట్టర్‌ను, వడపోసి పారేస్తుంది. వాళ్లు పారేసేదే మనకు కావాల్సిన సరుకు. వడపోతకు ముందున్న ముడి వీడియో సంకేతం ఇవ్వగలరా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇవ్వలేకపోతే వేరే యాంటెన్నా పెట్టాల్సిందే. దీనికి కూడా సెకనుకు మూడు మీటర్లయినా గాలి ఉండాలి. కుండపోత వానలో చిత్రం చెడుతుంది. అల ఎత్తును సంకేతానికీ నాయిస్‌కూ ఉన్న నిష్పత్తి నుంచి తీస్తుంది కాబట్టి ఒక బోయా పక్కన పెట్టి కొన్ని నెలలు సరిచూడకపోతే ఆ ఎత్తుకు విలువ లేదు.

ఒకే బిందువు దగ్గర అల తెలిస్తే చాలు, అంటే బ్రేక్‌వాటర్ డిజైన్‌కో డ్రెడ్జింగ్‌కో అయితే, రాడార్ మాటే వద్దు. అల కొలిచే వేవ్‌రైడర్ బోయా ఒకటి, సముద్రపు అడుగున ఉండి పైకి చూస్తూ ధ్వనితో ప్రవాహం కొలిచే ఏడీసీపీ ఒకటి సరిపోతాయి. అల ఎత్తు కొలతలో బోయాను మించింది రాడార్‌లో లేదు. దాని తంటా వేరు. ట్రాలర్లు, తెగే లంగర్లు, బోయా మీదికెక్కి లైటు పీకేసేవాళ్లు. దగ్గరి మత్స్యకార గ్రామాల పెద్దలతో ముందే మాట్లాడి, అది ఎందుకుందో చెప్పి పెడితే బోయా ఆయుష్షు పెరుగుతుంది.

కొనడం కంటే ముందు చేయాల్సింది ఇంకోటుంది. మీకు కావాల్సిన ప్రాంతం ఇప్పటికే ఉన్న రాడార్ల పరిధిలో ఉందేమో చూసి, ఇన్‌కాయిస్‌ను డేటా అడగండి.

లైసెన్సు

ఫ్రీక్వెన్సీ అనుమతి టెలికాం శాఖలో రేడియో ఫ్రీక్వెన్సీలు చూసే డబ్ల్యూపీసీ విభాగం ఇస్తుంది. దరఖాస్తు, స్థల అనుమతి రెండూ యంత్రం ఆర్డరుకు ముందే మొదలవ్వాలి. అంతర్జాతీయ నిబంధన ప్రకారం ప్రతి స్టేషన్ తన కాల్‌సైన్‌ను మోర్స్ కోడ్‌లో 20 నిమిషాలకు మించకుండా ఒకసారి ప్రసారం చేయాలి. మీరు చూస్తున్న యంత్రంలో ఆ సదుపాయం ఉందో లేదో అడగండి. ఒకే ఫ్రీక్వెన్సీలో పక్కపక్క స్టేషన్లు నడవాలంటే జీపీఎస్ గడియారంతో వంతులు పంచుకోవాలి. లేకపోతే యానాం ప్రతిధ్వని మచిలీపట్నం పటంలో తేలినట్టవుతుంది.

పెట్టాక ఏం చెడుతుంది

తొలి ఏడాదిలో చెడేది ఎలక్ట్రానిక్స్ కాదు, కనెక్టర్లు. కేబుల్ యాంటెన్నాలోకి దూరే చోట ఉప్పుగాలి చేరుతుంది. విప్పి చూస్తే మధ్య సూది చుట్టూ పచ్చటి పొడి, టేపు కింద నీటి చుక్క కనిపిస్తాయి. మామూలు ఇన్సులేషన్ టేపు ఒక్క వేసవికి ఊడిపోతుంది. దానంతటదే అతుక్కునే రబ్బరు టేపును కింది నుంచి పైకి చుట్టి, ఆపైన ఎండకు ఓర్చే టేపు వేసి, కేబుల్ కనెక్టర్‌కు ముందు కిందికి ఒక ఉచ్చులా వంచి వదలాలి. వాన నీరు ఆ వంపులో కిందికి జారిపోతుంది. స్తంభాన్ని నిలబెట్టే గై తాళ్లకు పశువులను కట్టేస్తారు, స్తంభం కొద్దిగా తిరుగుతుంది. ఐదు డిగ్రీలు తిరిగితే 100 కిలోమీటర్ల దూరాన ప్రవాహం దాదాపు తొమ్మిది కిలోమీటర్లు పక్కకు కనిపిస్తుంది, తెర మీద ఏ ఎర్ర లైటూ వెలగదు. స్తంభం పాదం దగ్గర రంగుతో గుర్తు గీసి, వెళ్లిన ప్రతిసారీ చూడండి.

యాంటెన్నా దిశా నమూనా కొలత తప్పించుకోలేని పని. రాడార్ సంకేతానికి బదులిచ్చే చిన్న ట్రాన్స్‌పాండర్ పెట్టుకుని పడవ స్టేషన్ చుట్టూ ఒకటి రెండు కిలోమీటర్ల అర్ధవృత్తంలో నెమ్మదిగా తిరగాలి. ఇప్పుడు డ్రోన్‌తోనూ చేస్తున్నారు, అలల్లో పడవ దించడం కంటే అది సుఖం. ఏడాదికోసారి, స్తంభమో కేబులో కంచెనో మారిన ప్రతిసారీ చేయాలి. కంపెనీ ఆదర్శ నమూనాతోనే నడిపే స్టేషన్ పటం అందంగానే ఉంటుంది, బాణాలు మాత్రం తప్పు చోట ఉంటాయి.

సరిచూడటానికి ప్రవాహంతో పాటు కొట్టుకుపోయే జీపీఎస్ డ్రిఫ్టర్లు మంచివి, కానీ వాటి తెరచాప లోతు రాడార్ పొరకు సరిపడాలి. 13.5కు మీటరు లోతు డ్రిఫ్టర్ సరిగ్గా సరిపోతుంది. అడుగు నుంచి పైకి చూసే ఏడీసీపీ పైనున్న ఆరు శాతం లోతును చూడలేదు. 30 మీటర్ల నీటిలో అది దాదాపు రెండు మీటర్లు. రాడార్ చూసేది సరిగ్గా ఆ పొరనే. రెండింటి మధ్య సెకనుకు 5–15 సెంటీమీటర్ల తేడా వస్తే కంగారుపడకండి. అంతకు మించితే ముందు దిశ అనుమానించండి, తర్వాతే వేగం. రెండు స్టేషన్లను కలిపే గీత నీటి మీదుగా పోయే చోట ఖర్చులేని పరీక్ష ఉంది. ఆ గీత మీద ఏ బిందువు దగ్గరైనా ఒక స్టేషన్‌కు వచ్చే వేగం, రెండో స్టేషన్ నుంచి పోయే వేగం సమానంగా ఉండాలి. యానాం–మచిలీపట్నం మధ్య గీత నేల మీద పోతుంది కాబట్టి అక్కడ ఈ వెసులుబాటు లేదు, డ్రిఫ్టర్లే దిక్కు.

ఎవరికి ఏది

సముద్రంలో గల్లంతైనవారి గాలింపు, చమురు తెట్టు, దూరపు ప్రవాహాలు అయితే 4.4 మెగాహెర్ట్జ్ దిశాన్వేషణ స్టేషన్లు, రెండు కాదు, కుదిరితే మూడు. అలల హెచ్చరికే ప్రధానం అయితే 13–16 మెగాహెర్ట్జ్‌లో కనీసం 12 యాంటెన్నాల వరస, దాని పరిధిలో ఒక బోయా. మొగలు, ఒడ్డు కోత, ఇసుక కదలిక చూసేవాళ్లకు 24.5 మెగాహెర్ట్జ్ జత. పోర్టు ద్వారానికి ఎక్స్-బ్యాండ్, బోయా కలిపి. 40 మెగాహెర్ట్జ్ కాకినాడ లాంటి అఖాతంలో నీటి తిరుగుడుకు పనికొస్తుంది, బయటి సముద్రానికి వద్దు.

టెండరులో ఇవి రాయండి. ఏడాదికోసారి దిశా నమూనా కొలత ధరలోనే కలిసి ఉండాలి. ముడి స్పెక్ట్రా ఫైళ్లు మీ సొత్తుగా మీ సర్వర్‌లో భద్రపరచాలి, ఎందుకంటే తర్వాత మెరుగైన నమూనా దొరికితే పాత పటాలన్నీ వాటితోనే తిరిగి గీయొచ్చు. స్టేషన్‌లో ఒక అదనపు రిసీవర్, ఒక జత కేబుళ్లు, మెరుపు రక్షణ పరికరాలు రెండు సెట్లు ఉండాలి. ఏసీకి ప్రత్యామ్నాయం ఉండాలి, పెట్టె లోపలి ఉష్ణోగ్రత దూరం నుంచే కనపడాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున డీజిల్ జనరేటర్ నింపి పెట్టే మనిషి పేరు, ఫోన్ నంబరు పెట్టె తలుపు లోపలివైపు అతికించి ఉండాలి. ఆ మనిషి స్టేషన్ ఉన్న ఊరివాడై ఉండాలి. రోడ్లు మునిగాక జిల్లా కేంద్రం నుంచి ఎవరూ రాలేరు.